రెండు కండ్ల లెక్క

“ఈ ఇంట్లో నేను పచ్చినీళ్లు కూడా ముట్టను,” అన్నాడు తిమ్మారెడ్డి.

సుబ్బరత్న తెచ్చిపెట్టిన చెంబు అరుగు అంచున అట్లాగే ఉంది. ఆయన కాళ్లు కూడా కడుక్కోలేదు. ఓర్వకల్లు దాపున ఉన్న తమ ఊరినుంచి భార్య మహాదేవమ్మను వెంటబెట్టుకుని మొదటి బస్సుకే దిగాడు. ఆమె అప్పుడే వంటింట్లోకి పోయింది. దారి దుమ్ము మీసాల మీద ఎర్రగా పేరుకుని ఉంది. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదాయనకు.

ఎదురుగా తమ్ముడు, డాక్టర్ నారపరెడ్డి, ఆసుపత్రికి బయలుదేరబోతున్నవాడు, చొక్కా సగం తొడుక్కుని నిలబడిపోయాడు.

“అన్నా, లోపలికి రా. వీధిలో అందరూ చూస్తాండారు.”

“చూడనీ. ఊర్లో నన్ను చూస్తాండే చూపు కంటే ఇదేం ఎక్కువ గాదు. మాట ఇచ్చింది ఎవరప్పా? నువ్వు ఈడ కూచోని చెప్తివి, నేను ఆడ నలుగుర్లో నిలబడి చెప్పినా. ‘చీటీ తీసి ఒక కంటికి కొత్త మందు, ఒక కంటికి పాత మందు ఇస్తారు, ఏది మేలైతే ఆ పైన అది రెండు కండ్లకూ ఇస్తారు’ అని. నా మొగం చూసి అరవై మంది కండ్లు అప్పజెప్పిరి. మీ వదినే అందరికంటే ముందు పేరిచ్చె.”

“నేను కాదన్లేదు.”

“గిడ్డయ్య కుడికన్ను తేటపడె. రెప్పలోపలి గింజలన్నీ పోయె. ఎడమకన్ను ఇంకా పుసులు కారతానే ఉండాది. పొద్దున లేస్తే నా వాకిట్లో నిలబడి, ‘రెడ్డీ, ఆ ఎర్రపట్టీ మందు రెండో కంటికి ఎప్పుడిస్తారు?’ అంటాడు. నేనేం చెప్పల్ల?”

నారపరెడ్డి గొంతు తగ్గించాడు.

“రెండు మందులకూ తేడా లేదని లెక్క తేలింది. మిగిలిన కొత్త మందు ఈ మధ్యాహ్నం బండికి డోన్ మీదుగా మద్రాసుకు తిరిగిపోతాది. పెద్ద డాక్టరు పెట్టెలు కట్టమన్యాడు.”

“తేడా లేదా? గిడ్డయ్య మొగాన కొట్టొచ్చినట్టు కనపడ్తాండాదే తేడా!”

“ఒక్క గిడ్డయ్యతో శాస్త్రం కాదన్నా. వానికి కుడికన్ను బాగైతే, ఇంకొకరికి పాత మందు పూసిన కన్నే బాగయ్యింది. అరవై మందినీ కలిపి చూడల్ల.”

“చూసి ఏం తేల్చినావు? ఒక కంటికి మందు, ఒక కంటికి మన్ను. మేకల మీద చేసినట్టు మనుషుల మీద చేసి, అయిపోయింది పొమ్మంటాండావు.”

తలుపు చాటున నిలబడిన సుబ్బరత్నకు ఆ మాట తన మీదే పడినట్టయింది. భర్త నారపరెడ్డి వైపు చూసింది. అతను ఇటు చూడలేదు. మొన్న ఆ లెక్క కాగితం ఇంటికి తెచ్చి చూపించినప్పుడు, “ఈ లెక్కల పరీక్ష ఈ పనికి సరిపోదండీ,” అంది తను. ఆ ఒక్క మాటకే అతను కంచం ముందునుంచి లేచిపోయాడు. “మద్రాసులో చదివిన లెక్కలు మద్రాసులోనే పెట్టుకో,” అన్నాడు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా అన్నం వడ్డించానన్న మాట తప్ప ఇంకో మాట లేదు.

కడపలో ప్లీడరు కూతురు సుబ్బరత్న. మద్రాసులో లెక్కల్లో ఎం.ఏ. చేసి, గణాంకశాస్త్రం మీద ఒక ఏడాది అదనంగా చదివింది. పెళ్లయి కర్నూలు వచ్చాక ఆ చదువు పెట్టె అడుగుకు చేరింది. రాజధాని వచ్చి ఊరంతా డేరాలూ ఆఫీసులూ నిండిపోయినా, లెక్కలు తెలిసిన ఆడమనిషి కావాలని ఎవరూ రాలేదు.

“నావల్ల కాదన్నా,” అన్నాడు నారపరెడ్డి ఉన్నట్టుండి. “ఉద్యోగానికి రాజీనామా ఇస్తా.”

“ఇచ్చి యాడికి పోతావు? ఊరికి వస్తావా? ఏ మొగం పెట్టుకోని వస్తావు?”

వీధిలో నీళ్లబండి గలగలా పోయింది. వంటింట్లో మహాదేవమ్మ రొట్టె తట్టడం కూడా ఆపేసి వింటున్నట్టుంది, చప్పుడు లేదు.

“బావా, ఒక మాట అడుగుతాను.”

తిమ్మారెడ్డి ఉలిక్కిపడ్డాడు. తమ్ముని భార్య తనతో నేరుగా మాట్లాడడం పెళ్లయినాక ఇదే మొదలు. నారపరెడ్డి చురుక్కున చూశాడు. సుబ్బరత్న గడప దాటలేదుగాని, తలుపు చాటునుంచి ఇవతలికి వచ్చింది.

“కొత్త రకం జొన్న విత్తనం మేలో కాదో చూడాలంటే మీరేం చేస్తారు?”

ఆయన జవాబు స్తంభానికి చెప్పాడు.

“ఏముందమ్మా. ఒకే చేన్లో సగం అది, సగం ఇది వేస్తాం. రేగడి చేన్లో ఒకటి, గరుసు నేలలో ఒకటి వేస్తే, పండింది విత్తనం మహిమో నేల మహిమో యాడ తెలుస్తాది?”

“అట్ల అరవై మంది రైతులు, ఎవరి చేన్లో వాళ్లు సగం సగం వేసినారనుకోండి. పంట చేతికొచ్చినాక, కొత్త విత్తనం ఎన్నిచోట్ల పండింది, పాతది ఎన్నిచోట్ల పండింది అని రెండు కుప్పలు పోసి, ఏ చేను ఎవరిదో మరిచిపోతే?”

“మరిచిపోయేదానికి సగం సగం వేసేదెందుకు? ఎవడో తిక్కోడు చేసే పని.”

నారపరెడ్డి ముఖం నల్లబడింది.

“తిక్క కాదు బావా,” అంది సుబ్బరత్న తొందరగా. “కొందరికి ఒక మందు, వేరే కొందరికి ఇంకో మందు ఇస్తే ఆ లెక్కే సరైనది. పుస్తకాల్లో ముందుండేది అదే, అందరూ చేసేది అదే. ఇక్కడ రెండు మందులూ ఒకే మనిషికి ఇచ్చినారు. మనిషే చేను. ఒకాయన ఇంట్లో పొగ ఎక్కువ, ఒకామె రోజూ ముఖం కడుక్కుంటుంది, ఒకరికి జబ్బు ముదిరింది. ఇవన్నీ ఆ మనిషి రెండు కండ్లకూ సమానమే. ఆ జత విడగొట్టి లెక్కవేస్తే మందుల మధ్య తేడా, మనుషుల మధ్య తేడా కలగాపులగమై పోతుంది.”

“అంటే తేడా ఉండాదంటావా?”

“నాకు తెలియదు బావా. నేను కార్డులు చూడలేదు. ఉన్నా లేకపోయినా, అడిగేదానికి దారి అది కాదంటాను.”

నారపరెడ్డి ఇక ఊరుకోలేకపోయాడు.

“ఒక పరీక్ష చేసినా. కాదని వచ్చె. ఇప్పుడు ఇంకోటి చేస్తా. అదీ కాదంటే మూడోది. కావలసింది వచ్చేదాకా మార్చుకుంటా పోతే దాన్ని పరీక్ష అనరు సుబ్బరత్నా, మోసం అంటారు. పెద్ద డాక్టరు మొదట అడిగేది అదే.”

కోపంగా అన్నాడుగాని, అన్నది నిజం. మొన్నటినుంచి అతన్ని తొలుస్తున్నది తన మాట కాదనీ, ఈ భయమేననీ సుబ్బరత్నకు అప్పుడు తెలిసింది. ఆమె మనసు కొంచెం మెత్తబడింది.

“మీరన్నది నిజం. అందుకే కార్డులు ముట్టకముందే ఒప్పందం చేసుకుందాం. పని మొదలుపెట్టక ముందు మీరు టైపు కొట్టించిన పథకంలో ఏం రాశారు? ‘ప్రతి మనిషిలోనూ ఒక కన్నును రెండో కంటితో పోల్చి’ అని గదా? పరీక్షను మీరు అప్పుడే ఎంచుకున్నారు. లెక్క వేసేటప్పుడు మరిచిపోయినారు, అంతే. ఇప్పుడు ఒక్కసారే చేద్దాం. ఏది వచ్చినా దానికి కట్టుబడాలి. ఇంకోటి చేయమని మీరూ అడగకూడదు, నేనూ అడగను.”

“తేడా లేదని వస్తే?”

ఆమె బావగారి వైపు తిరిగింది. “మీరే చెప్పండి బావా.”

తిమ్మారెడ్డి కండువాతో మీసాలు తుడుచుకున్నాడు.

“లేదని వస్తే గిడ్డయ్యకు నేనే చెప్పుకుంటా. అయితే, చెప్పుకునేదానికి నాకర్థమయ్యే లెక్క కావల్ల. ముందు వేసింది నాకర్థం కాలే.”

నారపరెడ్డి లోపలికి పోయి, తోలుసంచిలోంచి కార్డుల కట్ట తెచ్చి చాప మీద పెట్టాడు.

మనిషికొక కార్డు. ఎర్రపట్టీ ట్యూబు ఏ కంటికి, నల్లపట్టీది ఏ కంటికి అన్నది ఒకవైపు. చివర్లో ఏ కన్ను బాగైంది అన్నది రెండోవైపు. ఆ రెండోవైపు రాసిన డాక్టరు వేరే ఊరినుంచి వచ్చినవాడు, ఏ కంటికి ఏది పూశారో తెలియకుండా చూసినవాడు. ఎర్రపట్టీదే కొత్త మందు.

“నాలుగు కుప్పలు,” అంది సుబ్బరత్న. “రెండు కండ్లూ బాగైనవాళ్లు ఇక్కడ. రెండూ బాగుకానివాళ్లు ఇక్కడ. ఎర్రది మాత్రమే బాగైనవాళ్లు ఈ పక్క. నల్లది మాత్రమే బాగైనవాళ్లు ఆ పక్క.”

నారపరెడ్డి చదివాడు, ఆమె కార్డు అందుకుని పెట్టింది. మొదట్లో అతని గొంతు ముభావంగా ఉంది. పోనుపోను పేర్లు వేగంగా రాసాగాయి. రామలక్ష్మమ్మ, రెండూ. కంబన్న, రెండూ కాలేదు. సోమక్క, ఎర్రది. ఉరుకుందు, నల్లది. ఆ కార్డును సుబ్బరత్న నాలుగో కుప్పలో పెట్టింది. నల్లవి వరసగా వస్తే? తేడా లేదన్న సంగతి ఇంకోసారి ఈ ఇంటి మీద తనే తెచ్చి మోపినట్టేగదా?

తిమ్మారెడ్డి అరుగు దిగి గడప దగ్గరికి వచ్చాడు. తరువాత గడప లోపలికి. ఎప్పుడు వచ్చాడో ఆయనకే తెలియలేదు, చాప పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

“అయిపోయినాయి,” అన్నాడు నారపరెడ్డి.

సుబ్బరత్న ఒక్కో కుప్పా ఎంచింది. రెండు కండ్లూ బాగైనవాళ్లు ముప్పై. రెండూ కానివాళ్లు పద్నాలుగు. ఆ రెండు కుప్పలనూ పక్కకు జరిపింది.

“అవెందుకు తీసేస్తాండావమ్మా? అన్ని ఉండాయే!”

“ఇవి మాట్లాడవు బావా. వాన బాగా పడిన చేన్లో రెండు విత్తనాలూ పండుతాయి. వాన పడని చేన్లో రెండూ ఎండుతాయి. ఏది మేలో వాటిని అడిగితే ఏం చెప్తాయి?” ఆమె వేలు మిగిలిన రెండు కుప్పల మీదికి పోయింది. “చెప్పేవి ఇవే. ఎర్రది పదమూడు. నల్లది మూడు.”

“పదమూడుకు మూడా!” తిమ్మారెడ్డి చాప మీద చెయ్యి చరిచాడు. “ఇంకేం కావల్ల?”

“ఉండు అన్నా,” అన్నాడు నారపరెడ్డి. అతని కళ్లు భార్య ముఖం మీదే ఉన్నాయి. “అదృష్టం కొద్దీ ఒకవైపు ఒరిగిందేమో తెలియొద్దా?”

సుబ్బరత్న పెన్సిలు తీసుకుంది.

“రెండు మందులూ సమానమే అయితే, ఈ పదహారు మందిలో ఒక్కొక్కరిదీ బొమ్మా బొరుసూ లాంటిది. రూపాయి బిళ్ళ పదహారుసార్లు ఎగరేస్తే, మూడుకు మించకుండా ఒకవైపు పడడం, ఆ వైపైనా ఈ వైపైనా సరే, ఎంత తరచుగా జరుగుతుంది? అంతే లెక్క.”

కాగితం మీద అంకెలు పెంచుకుంటూ పోయింది. మళ్లీ మొదటినుంచి సరిచూసింది.

“వందలో రెండుసార్లు,” అంది చివరికి. “రవ్వంత ఎక్కువ.”

నారపరెడ్డి వెనక్కి జరిగి గోడకు చేరబడ్డాడు.

“నా లెక్కలో వందకు తొమ్మిది వచ్చె. అయిదు దాటితే అదృష్టం కిందికే తోసెయ్యాలని గదా మేం పెట్టుకున్న హద్దు.” మెల్లగా నవ్వాడు, ఎన్నాళ్లకో. “కార్డులు అవే. మనుషులు వాళ్లే. ఏం అడగాలో తెలియక, లేదనిపించుకుంటి.”

కొంచెం ఆగి అన్నాడు, “నువ్వు చెప్పిన పొద్దు వినలే.”

ఆ మాట అన్నగారి ముందర అన్నాడు. సుబ్బరత్న తలవంచుకుని కార్డులు సర్దసాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి దుఃఖానివి కావు.

“మహాదేవీ!” తిమ్మారెడ్డి వంటింటివైపు కేకేశాడు. “రొట్టె పెడతావా, మాడ్చుకుంటావా? ఆకలైతాంది.”

అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు. జొన్నరొట్టె, వేరుశనగ పొడి, గోంగూర. ఊరి ముచ్చట్లు వచ్చాయి, ఎద్దుల ముచ్చట్లు వచ్చాయి. మధ్యాహ్నం బండికి ఇంకా టైముంది, ఈలోగా పెద్ద డాక్టరును కలిస్తే చాలు. జట్కాకు మనిషిని పంపారు.

ఇంకో రొట్టె తేవడానికి సుబ్బరత్న వంటింట్లోకి పోతే, మహాదేవమ్మ పొయ్యి ముందు కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

“ఏమైందక్కా? అంతా మేలేగదా.”

“సుబ్బీ, నా కార్డు యా కుప్పలో పెడితివి?”

“రెండూ బాగైనవాళ్లలో.”

“నేను ఎర్రది రెండు కండ్లకూ పూసుకుంటి.”

సుబ్బరత్న రొట్టె సంగతి మాని ఆమె పక్కన కూర్చుంది.

“ఎర్రది పూసిన కన్ను ముందుగా తేటపడె. రెండోది మంట. ఎవరు చూడొచ్చినారు, ఇంట్లో పూసుకునేదేగదా అని… నాకేం తెలుసు ఇంత లెక్క ఉంటాదని? మీ బావకు చెప్తే నరుకుతాడు.” ఆమె గొంతు ఇంకా తగ్గింది. “నన్ను చూసి ఇంకా ఎవరన్నా పూసుకున్యారేమో. బావికాడ అనుకుంటిమి ఆ మాట.”

వాకిట్లో జట్కా వచ్చి ఆగింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మొన్నటినుంచి మూగబోయిన ఇల్లు ఇప్పుడే నవ్వింది. భర్త చెప్పులు వేసుకుంటున్నాడు. సుబ్బరత్న ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడింది. ఆ తరువాత వాకిట్లోకి వెళ్లి, మహాదేవమ్మ చెప్పిందంతా అన్నదమ్ములిద్దరి ముందరా చెప్పేసింది.

నారపరెడ్డి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

“అయితే అంతా పోయినట్టేనా?”

“పోలేదు. అక్క కార్డు తీసేస్తే ముప్పై ఇరవైతొమ్మిది అవుతుంది. పదమూడూ మూడూ కదలవు. ఎర్రది రెండు కండ్లకూ పూసుకున్నవాళ్లు ఇంకా ఉంటే, వాళ్ల రెండు కండ్లూ ఒకటిగా కనపడతాయి. తేడా దాక్కుంటుందేగాని, లేని తేడా పుట్టదు.”

“అయితే పెద్ద డాక్టరుకు చెప్పేదెందుకు?” అన్నాడు నారపరెడ్డి.

“చెప్తేనే మన లెక్క నిలబడేది. రేపు ఆయనకు ఇంకొకరినుంచి తెలిస్తే?”

నారపరెడ్డి జట్కా కమ్మీ పట్టుకుని ఆలోచించాడు. “నావల్ల కాదు. ఇదంతా నువ్వే వచ్చి చెప్పల్ల.”

అందరూ తిమ్మారెడ్డి వైపు చూశారు. తమ ఇంటి కోడలు ఆసుపత్రికి పోయి ఆఫీసర్ల ముందర మాట్లాడడం ఆ వంశంలో లేదు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఆమె ఒక్కతే ఎందుకు? మహాదేవీ, నువ్వూ ఎక్కు. పూసుకునింది నువ్వుగదా, చెప్పుకునేదీ నువ్వే.”

పెద్ద డాక్టరు కోస్తా మనిషి, రిటైరవబోతున్నవాడు. నారపరెడ్డి వెనకాల ఇద్దరు ఆడవాళ్లను చూసి కళ్లజోడు సవరించుకున్నాడు. అయినా కుర్చీలు వేయించాడు. సుబ్బరత్న చెప్పినంతసేపూ మధ్యలో ఒక్క మాట అనలేదు. ఆమె కార్డులు బల్ల మీద నాలుగు కుప్పలుగా పరిచి చూపింది. మహాదేవమ్మ తన సంగతి నేలకేసి చూస్తూ చెప్పింది.

“ఈ చివరి మాట చెప్పకపోతే నాకు తెలిసేది కాదు,” అన్నాడాయన.

“తెలిసేది కాదండీ,” అంది సుబ్బరత్న.

“చెప్పారు కాబట్టి మిగతాదంతా నమ్ముతున్నాను.” ఆయన కిటికీలోంచి కేకేశాడు. “పెట్టెలు ఆపండయ్యా! ఈ వారం పంపడం లేదు.”

సుబ్బరత్న భర్తవైపు చూసింది. అతను కళ్లు మూసుకుని నిట్టూర్చాడు, పెద్ద బరువు దించుకున్న కూలివాడిలా.

“కానీ ఒక్క మాటమ్మా. ఎర్రది రెండింటికీ పూసుకున్నవాళ్ల సంగతి సరే. ట్యూబులు తారుమారు చేసుకుని, దీనిది దానికి, దానిది దీనికి పూసుకున్నవాళ్లుంటే? మీరు లెక్కపెట్టిన ఆ పదహారు మందిలోనే ఉంటే?”

సుబ్బరత్న ఆ రెండు చిన్న కుప్పలనూ మళ్లీ దగ్గరికి లాక్కుంది.

“అడిగి తెలుసుకోండి. మందు ఇక్కడే ఉంటుంది. నిజం తెలిసినాకే, రెండు కండ్లకూ ఇవ్వమని నేను సంతకం చేస్తాను.”

బయటికి వచ్చేసరికి ఎండ చురచురలాడుతోంది. అయినా సుబ్బరత్నకు గాలి చల్లగా తగిలినట్టుంది. మందు పోలేదు. గిడ్డయ్య ఎడమకన్నుకు ఇంకా ఆశ ఉంది. పక్కన నడుస్తున్న మనిషి మళ్లీ తనతో మాట్లాడుతున్నాడు.

“రేపు నేను ఊరికి పోయి అందర్నీ అడుగుతా,” అన్నాడు నారపరెడ్డి.

“మొగోడు పోయి అడిగితే ఒక్కతీ చెప్పదు,” అంది మహాదేవమ్మ. “నేను చెప్పినానా ఇన్నాళ్లూ? అడిగేది ఆడమనిషైతేనే నోరు తెరుస్తారు. అదీ, ఎందుకు అడుగుతాండాదో తెలిసిన ఆడమనిషి.”

ముగ్గురూ జట్కా ఎక్కారు. బండివాడు కళ్లెం లాగి వెనక్కి తిరిగాడు.

“ఇంటికేనా సామీ?”

ఇంటి దగ్గర తిమ్మారెడ్డి ఎదురుచూస్తున్నాడు. ఆసుపత్రికి పంపడమే ఆయనకు గొప్ప. ఇక ఊరంతా తిరిగి వాకిలి వాకిలికీ పోయి అడగమంటాడా? నారపరెడ్డి భార్య ముఖం చూశాడు. సుబ్బరత్న కార్డుల సంచి ఒళ్లోకి లాక్కుంది.

“ఆడోళ్లను బస్టాండు కాడ దించు,” అన్నాడు నారపరెడ్డి. “అన్నకు నేను చెప్పుకుంటాలే.”